మేము అనండి

మా మాస్టారిని వీధిలో అందరూ పళ్ళాయన అంటారు. కొత్తవాళ్ళెవరైనా కింద మందుల షాపులో "పళ్ళాయన ఎక్కడుంటారండీ?" అని అడిగితే, షాపతను ముఖం గంభీరంగా పెట్టి "తినే పళ్ళా, పెట్టుకునే పళ్ళా?" అంటాడు. ఏళ్ళ తరబడి అదే జోకు. ఏళ్ళ తరబడి దానికి నవ్వేది కూడా అతనొక్కడే. అడిగినవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మెట్లెక్కి వస్తారు.

పై అంతస్తులో ముందు గది డాక్టరుగారిది. అక్కడ ఆయన పళ్ళు పీకుతారు. వెనక గదిలో మేం కట్టుడు పళ్ళు చేసేవాళ్ళం. మేం అంటే ఇద్దరం, మాస్టారూ నేనూ. ఒక పొడుగాటి బల్ల, రెండు స్టూళ్ళు, మైనం కరిగించుకోవడానికి ఎవరి స్పిరిటు దీపం వాళ్ళకి, ప్లాస్టర్ పిండి పట్టి ఎంత తోమినా తెల్లగానే ఉండే సింకు. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ కనిపిస్తుంది. అరల నిండా జనం చిగుళ్ళ అచ్చులు వరసగా ఉంటాయి. మొదటిసారి చూసినవాళ్ళు జడుసుకుంటారు. మేం మాత్రం వీధిలో మనిషిని ముఖం చూసి పోల్చుకోలేకపోయినా నోరు తెరిస్తే పోల్చేస్తాం.

నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు నిజంగానే అమ్మాయిని. మైనం పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు నా జుట్టు ముప్పాతిక నెరిసింది, ఆయన ఇంకా "అమ్మాయ్" అనే పిలుస్తారు. నాకు కోపం ముక్కుమీద ఉంటుంది. ఆయనకి ఎక్కడుందో వెతుక్కోవాలి. ఎవర్నీ పల్లెత్తు మాట అనగా నేను వినలేదు. పొద్దస్తమానం పళ్ళతోనే బతికే మనిషికి ఆ ఒక్క మాటా రాకపోవడం విచిత్రమే.

ఆయన పనిలో నాకు బాగా ఇష్టమైన ముక్క ఒకటుండేది. పళ్ళు ముందు మైనంలో గుచ్చి, మనిషి నోట్లో పెట్టి చూస్తాం. అప్పుడైతే మార్చుకోవచ్చు, గట్టిపడ్డాక మార్చలేం. డాక్టరుగారు ఆ సమయానికి మాస్టారిని పిలిచేవారు. ఆయన వెళ్ళి కుర్చీ ఎదురుగా నిలబడి, "ఏదీ, మేము అనండి" అనేవారు. పళ్ళు ఎత్తు ఎక్కువైతే 'మ' దగ్గర పెదాలు కలవడానికి అవస్థ పడతాయి. తక్కువైతే ఒకదాన్నొకటి నొక్కేసుకుంటాయి. సరిగ్గా ఉంటే తేలిగ్గా తగిలి విడిపోతాయి. నాకు కొలవడం వచ్చు, చూడటం అప్పటికింకా సరిగ్గా రాలేదు. "మేము... ఇంకోసారి... మేము..." అని ముందు గదిలోంచి వినిపిస్తుంటే లోపల నేను పాలిష్ మోటారు ఆపేసేదాన్ని.

ఆయన భార్య పోయి కొన్నేళ్ళయింది. ఆసుపత్రిలో చాలా రోజులుండి పోయింది. తర్వాత పనిలోకి వచ్చిన మొదటిరోజు, ఏ పన్ను దగ్గర వదిలి వెళ్ళారో ఆ పన్ను దగ్గరే మొదలుపెట్టారు. నాకు ఉండబట్టలేక అడిగేశాను. "మాస్టారూ, మీరు ఏడ్చారా?"

"రాలేదమ్మాయ్," అన్నారు, పోస్టు వచ్చిందా అంటే చెప్పినట్టు.

ముందు గదిలో మత్తు సూది వేయించుకున్నవాళ్ళు మెట్ల దగ్గర నిలబడి పెదవిని వేలితో పొడిచి చూసుకుంటుంటారు, ఇది నాదేనా అన్నట్టు. నీళ్ళు తాగితే గడ్డం మీదికి కారిపోతాయి, వాళ్ళకి తెలియదు. సాయంత్రానికి అదే దిగిపోతుంది. ఈయనది దిగలేదు. ఒకసారి దీపం మీద వేలు కాలుతుంటే వాసన నాకు ముందొచ్చింది. నేను గట్టిగా అరిస్తే ఆయన చెయ్యి తీసి, చూసుకుని, "అవును" అన్నారు.

ఆ రోజుల్లోనే తమ్ముడు వచ్చి, "ఒక్కడివీ ఎందుకన్నయ్యా," అని సామాను సర్దించి తన ఇంటికి తీసుకుపోయాడు. తమ్ముడు, అతని భార్య, స్కూలుకెళ్ళే కూతురు. ఇల్లు చిన్నది. బాల్కనీకి అద్దాలు బిగించి దాన్నే ఆయన గది చేశారు. మంచం పట్టగా మిగిలిన చోట మరదలి కుట్టుమిషను. పగలు ఈయన పనిలో ఉన్నప్పుడు ఆవిడ అక్కడ కూర్చుని కుట్టుకుంటుంది. అందుకే పొద్దున్న వచ్చేసరికి ఆయన చొక్కాకి ఏదో ఒక రంగు దారప్పోగు అంటుకుని ఉండేది. నేను తీసి పారేసేదాన్ని. ఆయన దర్జీకి కొలతలిస్తున్నట్టు నిలబడి తీయించుకునేవారు.

ఇదిలా ఉండగా తమ్ముడు పనిచేసే గోడౌను సిటీలోంచి లేచిపోయింది. రైల్లో గంట దూరంలో ఉన్న ఓ చిన్న ఊరికి మార్చారు. అది సిటీ కాదు, పల్లెటూరూ కాదు. సిటీ నడిచి నడిచి అలిసిపోయి అక్కడ కూలబడిందన్నట్టుంటుందట. కొన్ని నెలలు తమ్ముడు రోజూ రైల్లో వేలాడాడు. ఆ తర్వాత ఇంట్లో, మకాం మార్చేద్దామా వద్దా అని మొదలైంది.

నాకివన్నీ మాస్టారు టీ తాగేటప్పుడు చెప్పేవారు. ఆయన చెప్పే తీరు తెలుసుగా, ఎవరింట్లోనో జరిగినట్టు. మరదలు మార్చేద్దామంటుంది, అక్కడ ఇళ్ళు విశాలంగా ఉంటాయని. కూతురు వద్దంటుంది, స్నేహితులంతా ఇక్కడే ఉన్నారని. తమ్ముడు పొద్దున్న ఊఁ అంటాడు, రైలు దొరికిన రోజు సాయంత్రం ఊహూఁ అంటాడు. ఓ ఆదివారం ముగ్గురూ వెళ్ళి ఆ ఊరు చూసొచ్చారు. ఈయనకి అర్జెంటుగా ఇవ్వాల్సిన పళ్ళ సెట్టు ఉండి వెళ్ళలేదు.

"మీరేమన్నారు?" అన్నాను.

"నన్నెవరూ అడగలేదు."

"మీరు కూడా వెళ్తారా, వెళ్ళరా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "అదే తెలియడం లేదమ్మాయ్. వింటున్నాను. 'వెళ్తే బావుంటుంది' అంటారు. 'వెళ్తున్నాం' అంటారు. 'వెళ్తే ఈ బీరువా పట్టదు' అంటారు. ఒక్కరూ 'మనం' అనరు. పోనీ 'మేం' అనీ అనరు."

నాకు నవ్వొచ్చింది. మన భాషలో ఆ సుఖం ఉంది. 'వెళ్తున్నాం' అని ఊరుకోవచ్చు. ఎవరు బండెక్కుతున్నారో, ఎవరు గుమ్మంలో మిగులుతున్నారో వినేవాడే తేల్చుకోవాలి. మా ఇంట్లో ఆ బాధ లేదు. ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి ఎటు వెళ్ళినా ఏకవచనమే.

"అడిగేయొచ్చుగా మాస్టారూ. అడగందే అమ్మయినా పెట్టదు."

"అమ్మ అయితే అడిగేవాణ్ణి," అన్నారు.

ఆ మాట కూడా ఆయన బాధగా ఏమీ అనలేదు. లేచి వెళ్ళి ప్లాస్టర్ కలుపుకున్నారు.

ఆ తర్వాత కూడా చాలా రోజులు నడిచింది. ఆయన అన్నం ముందు కూర్చుని క్రియాపదాలు వింటున్నారు. నేను ప్రతిరోజూ "తేలిందా?" అంటున్నాను. ఆయన తల అడ్డంగా ఊపుతున్నారు. ఒకరోజు మరదలు "అక్కడ కిటికీలు పెద్దవి, పరదాలు కుట్టాలి" అందట. ఎవరి కిటికీలకో చెప్పలేదు. ఇంకోరోజు తమ్ముడు "పొద్దున్న ఏడింటికే రైలుంది, ఎక్కితే తొమ్మిది లోపు సిటీలో ఏ పనికైనా అందుకోవచ్చు" అన్నాడట. గోడ వైపు చూస్తూ అన్నాడట. మీకైతే ఇది ఎవరికి చెప్తున్నాడో అర్థమయ్యేది. మాస్టారు మాత్రం "రైళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు" అన్నారు. నేనూ అప్పటికి అంతే అనుకున్నాను.

చివరికి ఒకరోజు పొద్దున్న తేలింది. ఆయన బాల్కనీలో మంచం మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నారు. మధ్యలో పరదా. వంటగదిలోంచి మరదలు, "బావగారూ, డబ్బా సర్దేయనా?" అంది. ఈయన జవాబు చెప్పేలోపే మళ్ళీ ఆవిడ గొంతే వినిపించింది.

"మేం ఈ నెలాఖరుకి వెళ్ళిపోతున్నామండీ. ఇంక ఆలోచించేదేం లేదు, ఖాయం చేసేసుకున్నాం. మీ ఏర్పాట్లు మీరు చూసుకోండి. మా వల్ల మీకు ఇబ్బంది రాకూడదని ముందే చెప్తున్నాను."

"సరేనమ్మా," అన్నారీయన.

ఆవిడ డబ్బా తెచ్చి చేతికిచ్చింది. నవ్వుతూనే ఇచ్చింది. ఈయన తీసుకుని, వీధిలోకొచ్చి, బస్సెక్కి, వచ్చి స్టూలు మీద కూర్చుని దీపం వెలిగించుకున్నారు. ఆ రోజు చొక్కాకి పచ్చదారం ఉంది. నేను తీస్తుంటే అప్పుడు చెప్పారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎంత మాట! అంత మర్యాదగా బయటికి గెంటడం ఎక్కడ నేర్చుకుందండీ ఆవిడ? 'మీ ఏర్పాట్లు మీరు చూసుకోండి'ట! అద్దెకున్నవాళ్ళతో మాట్లాడినట్టు! మీకు కోపం రాలేదూ?"

"ఏమో అమ్మాయ్. ఏమీ అనిపించలేదు. ఇన్నాళ్ళకి 'మేం' అందిగా, తేలిపోయింది."

"బాధైనా వేయలేదా?"

ఆయన కాసేపు నిజంగానే లోపల వెతుక్కున్నట్టు కూర్చున్నారు. "బూటు లేసు రెండోసారి కట్టాను," అన్నారు. "అంతే."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. ఆ పోటు కూడా తెలియని వేలు గురించి సామెత ఎవరూ కట్టలేదు. నేనే రంగంలోకి దిగాను. నేనుండే బిల్డింగులో పై అంతస్తున ఒక నర్సు ఖాళీ చేసిన గది ఉంది. మధ్యాహ్నానికల్లా మాట్లాడి తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. కిటికీలోంచి వీధి కనిపిస్తుంది, నీళ్ళు బాగా వస్తాయి, పనికి నడిచి రావచ్చు అని ఏకరువు పెట్టాను. ఆయన తాళంచెవిని చొక్కా జేబులో వేసుకుని "మంచిదే" అన్నారు. నాకు సంతోషంగా ఉంది, దాచడమెందుకు? ఆ ఇంటివాళ్ళ మీద కోపం కోపమే, నా సంతోషం నా సంతోషమే.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆయన తమ్ముడితో అన్నారట, "నేను పని దగ్గర గది చూసుకున్నాన్రా."

తమ్ముడు తినడం ఆపాడట. "ఓహో," అన్నాడట. మజ్జిగ పోసుకుని, "పనికి దగ్గరైతే మంచిదేలే," అన్నాడట. మరదలు లేచి వంటగదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదట. కూతురు "పెదనాన్నా, మరి..." అని ఏదో అనబోతే వాళ్ళ నాన్న "నువ్వు తిను" అన్నాడట.

మర్నాడు ఇదంతా విని నేను బల్ల మీద చరిచాను. "చూశారా! ఉండమనీ అనలేదు, రమ్మనీ అనలేదు. ఒక్క మాట! వాళ్ళ నోట్లో పళ్ళు లేవా?"

"ఉన్నాయి. తమ్ముడికి వెనకది ఒకటి కదులుతోంది," అన్నారు ఆయన.

ఇంకో వారంలో సామాను కదులుతుందనగా, ఒక మధ్యాహ్నం ఆవిడ మా గదికి వచ్చింది. నేనెప్పుడూ చూడలేదు, అయినా గుమ్మంలో నిలబడగానే పోల్చాను. ఆవిడ భుజం మీద ఎర్ర దారప్పోగు ఉంది. అరల్లో అచ్చులన్నీ చూసి ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ లోపలికొచ్చింది. మాస్టారు ముందు గదిలో కుర్చీ దగ్గరున్నారు.

"లేరా? మంచిదేలెండి, మీతోనే మాట్లాడాలి," అంది. "మీరు ఆయనతో ఇన్నేళ్ళుగా ఉన్నారు. ఒక్క మాట చెప్పండి. మా బావగారికి మామీద ఎందుకు కోపం వచ్చింది? మేం ఏం తప్పు చేశాం?"

నేనసలే ఎదురుచూస్తున్నాను. "బావుందండీ! 'మేం వెళ్ళిపోతున్నాం, మీ ఏర్పాట్లు మీరు చూసుకోండి' అని ముఖాన చెప్పేసి, ఇప్పుడొచ్చి తప్పేమిటని అడుగుతున్నారా? పెద్దమనిషి కాబట్టి సరేనమ్మా అని ఊరుకున్నారు. నేనైతే..."

నేనైతే ఏం చేసేదాన్నో చెప్పలేకపోయాను, ఎందుకంటే ఆవిడ ముఖం చూశాను. ఆ మాట ఎప్పుడన్నదో గుర్తుచేసుకోవడానికి ఆవిడకి కొంతసేపు పట్టింది.

"అది ఇంటాయనతో అన్నానండీ," అంది. "మా ఇంటి ఓనరుతో. ఫోన్లో. చెవుల్లో వైరు పెట్టుకుని మాట్లాడుతూ డబ్బా సర్దుతున్నాను. జుట్టు కింద వైరు ఆయనకి కనపడి ఉండదు. ఆయన సరేనమ్మా అన్నది... డబ్బా గురించి అనుకున్నాను."

ఆవిడకి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చింది. నేను స్టూలు జరిపి కూర్చోబెట్టాను. అది మాస్టారి స్టూలు.

"మరి గది చూసుకున్నానంటే ఆపలేదేం?" అన్నాను, ఇంకా ఓడిపోవడం ఇష్టంలేక.

"ఎలా ఆపుతామండీ? ఆయన పనంతా ఇక్కడ. మాతో వస్తే రోజూ రైలు. పెద్దాయన్ని మా కోసం అంత అవస్థ పెట్టడానికి మాకు నోరు రాలేదు. ఆయనంతట ఆయన 'వస్తాను' అంటే బావుండునని చూశాం. ఆయన రైలు సంగతి వినాలని మా ఆయన గోడలకి చెప్పినట్టు చెప్పేవారు. ఆయన ఇక్కడే ఉంటాననేసరికి, అమ్మయ్య, ఇన్నాళ్ళూ మొహమాటానికి మా దగ్గరున్నారు కాబోలు అనుకున్నాం."

మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక మోటు సామెత ఉంది. అందరికీ తెలిసిందే, ఇక్కడ రాయను. నలుగురూ ఒకే ఇంట్లో, ఒకే గిన్నెలోంచి వడ్డించుకుంటూ, ఎదుటివాడు నోరు తెరుస్తాడని నెలల తరబడి కూర్చున్నారు. పళ్ళ డాక్టరు దగ్గర కూడా జనం ఇంతకన్నా తొందరగా తెరుస్తారు.

ముందు గదిలోంచి మాస్టారి గొంతు వినిపిస్తోంది. "మేము అనండి. ఊఁ. ఇంకోసారి." ఎవరో ముసలావిడ గొంతు "మేము" అంటోంది. మరదలూ నేనూ అది విన్నాం.

ఆయన మైనపు సెట్టు అరచేతిలో పెట్టుకుని వచ్చారు. మరదల్ని చూసి ఆగారు. ఆవిడ లేచి నిలబడి అంతా చెప్పింది. ఫోను, వైరు, ఇంటాయన, డబ్బా. ఆయన చేతిలో సెట్టుతో అలాగే విన్నారు.

"మరి 'మేం' అన్నావుగా అమ్మా," అన్నారు చివరికి.

"ఇంటాయనతో ఇంకేమనాలి బావగారూ? 'మనం' అంటే ఆయన కూడా పెట్టె సర్దుకుని బయల్దేరతాడు!" అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "ఆ 'మేం'లో మీరు లేరని ఎవరు చెప్పారు మీకు? అక్కడ పెద్ద కిటికీ ఉన్న గది మీదే. పరదా కూడా కుట్టేశాను. మిషను నా గదిలో పెట్టుకుంటాను, ఇక మీ మంచం మీద దారాలుండవు."

"సరేనమ్మా," అన్నారాయన.

"ఏది సరే? వస్తారా? రారా?"

ఆయన సెట్టు బల్ల మీద పెట్టి, దీపం ముందు కూర్చున్నారు. ఆవిడ ఇంకాసేపు నిలబడి, నా వైపు చూసి, "మీరైనా చెప్పండి," అని వెళ్ళిపోయింది.

చాలాసేపటికి ఆయన, "అమ్మాయ్, ఇప్పుడు నాకేమనిపించాలి?" అని అడిగారు.

"సంతోషం," అన్నాను.

"వస్తుందేమో చూస్తున్నాను," అన్నారు.

ఇద్దరం పనిచేసుకుంటున్నాం. ఆయన ముందుపళ్ళ వరస ఒకటి తీసి మళ్ళీ గుచ్చారు. నేను చెప్పాల్సినవి చెప్పాను. రైల్లో గంట అంటే రానూపోనూ రెండు గంటలు. మోకాళ్ళు ఊరుకోవు. వానొస్తే రైళ్ళు ఆగిపోతాయి. అలాగని అయినవాళ్ళ మధ్య ఉండటం వేరు, ఆ పిల్ల పెరుగుతుంటే చూడటం వేరు. అటూ ఇటూ న్యాయంగానే చెప్పాను. పై అంతస్తులో గది కిటికీ సంగతి మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

"ఇంతకీ నువ్వేమంటావు?" అని అడిగారు. పని ఆపి, నా వైపు తిరిగి అడిగారు.

నా నోరు పెద్దదని వీధి మొత్తానికి తెలుసు. మందుల షాపతను నన్ను చూస్తే జోకు మింగేస్తాడు. 'ఉండిపోండి మాస్టారూ' అనడానికి ఆ నోరు పెగల్లేదు. ఏమని ఉండమనాలి? నేనెవర్ని?

"మీ ఇష్టం మాస్టారూ," అన్నాను.

"ఊఁ," అని ఆయన దీపం వైపు తిరిగారు.

మర్నాడు పొద్దున్న వచ్చి, ఆయన తాళంచెవి తీసి బల్ల మీద నా వైపు పెట్టారు. చొక్కాకి తెల్లదారం ఉంది. నేను తీయలేదు.

"వెళ్తున్నాం అమ్మాయ్," అన్నారు.

తెలిసే అడిగాను. "ఎవరు?"

"మేం," అన్నారు.

ఆ మాట ఆయన ఎప్పటిలాగే అన్నారు, సంతోషంగానూ కాదు, బాధగానూ కాదు. నేను మాత్రం ఆయన పెదాల వైపే చూశాను, ఇన్నేళ్ళుగా నాకు నేర్పింది అదేగా. తేలిగ్గా తగిలి విడిపోయాయి. ఎత్తు సరిగ్గా ఉంది.

"మంచిదే మాస్టారూ," అన్నాను. తాళంచెవి సంచిలో వేసుకుని, మోటారు ఆన్ చేసి, గట్టిపడ్డ సెట్టు ఒకటి తీసుకుని పాలిష్ పట్టాను. అది అప్పటికే పాలిష్ పట్టిన సెట్టని సగంలో తెలిసింది. నాకేమీ అనిపించలేదు. ఇది ఇలా ఉంటుందన్నమాట అనుకున్నాను.

కొన్నాళ్ళు ఆయన రైల్లోనే వచ్చి వెళ్ళారు. కొత్త ఊరి కబుర్లు చెప్పేవారు. స్టేషను దగ్గర ఒక గడియారం ఉందట, రెండు ముఖాలకీ రెండు టైములట. పెద్ద కిటికీలోంచి పొద్దున్న ఎండ నేరుగా ముఖం మీద పడుతుందట. మరదలు పరదా మందంగా ఇంకోటి కుడుతోందట. ఒకరోజు, మిషను ఆయన గదిలోనే పెట్టుకోమని ఆయనే అడిగారట. "ఆ చప్పుడు లేకపోతే నిద్ర రావడం లేదమ్మాయ్," అన్నారు. అలా అడిగి పుచ్చుకున్న సంగతి ఆయన నోటెంట అదే మొదటిసారి విన్నాను. చొక్కాకి దారాలు మళ్ళీ మొదలయ్యాయి. నేను తీయడానికి చెయ్యెత్తేసరికి ఆయనే తీసుకున్నారు.

తర్వాత ఆ ఊళ్ళో ఒక పళ్ళ డాక్టరు, పని తెలిసినవాళ్ళు కావాలని అడిగాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఊళ్ళోవాళ్ళ నోళ్ళు ఇంక బాగుపడతాయిలే అని నేనే జోకు వేసి పంపించాను. ఆయన తన మైనం కత్తి నాకు వదిలి వెళ్ళారు. రెండో స్టూలు మీద ఇప్పుడు ప్లాస్టర్ సంచి ఉంటుంది.

మొన్న డాక్టరుగారు నన్ను ముందు గదిలోకి పిలిచారు. కుర్చీలో ఒక పెద్దాయన, నోట్లో నేను గుచ్చిన మైనపు పళ్ళు. నేను ఎదురుగా నిలబడి, "ఏదీ, మేము అనండి" అన్నాను.

ఆయన అద్దాల్లోంచి నా వైపు చూశారు. కొత్త పళ్ళతో మాట తడబడుతోంది. "మేము ఏమిటమ్మా?" అన్నారు. "ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే."

"అయినా అనండి," అన్నాను. "పెదాలు కలుస్తున్నాయో లేదో చూడాలి."